తువ్వాలు ముందు మీ అమ్మ చేతికివ్వు

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నిన్న ఫోన్లో నువ్వు అడిగింది ఒక్కటే: "మావయ్యా, అమ్మకి సొంగ ఆగడానికి ఏ మాత్ర వాడాలి?" అది ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను. మీ అమ్మకున్న ఈ పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, మీ అత్తకీ ఉందని తెలిసినప్పటి నుంచి ఆమె పోయేదాకా దగ్గరుండి చూసుకున్నది నేనే. నేను డాక్టర్ని కాను. డాక్టర్లు చెప్పినవి, ఇంట్లో చేసి చూసినవి కలిపి రాస్తాను. కోడలి చేత కూడా చదివించు. అంతకన్నా ముందు మీ అమ్మకి చదివి వినిపించు. తన నోటి గురించి తనకి తెలియకుండా మనం మనం ఉత్తరాలు రాసుకోవడం బాగోదు.

మాత్ర సంగతి తర్వాత. అసలు మీ అమ్మకి ఉమ్మి ఎక్కువ ఊరడం లేదురా. ఎవరికైనా రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. నీకూ నాకూ అంతే. మనం ఇంచుమించు నిమిషానికోసారి తెలియకుండానే గుటక వేసేస్తాం కాబట్టి అది బయటికి కనబడదు. ఈ జబ్బులో నడక మందగిస్తుంది, కనురెప్ప కొట్టడం తగ్గుతుంది, దాంతోపాటే గుటకా తగ్గిపోతుంది. చెరువులోకి వచ్చే నీళ్ళు పెరగలేదు, తూము పూడుకుంది. ఇదేమీ కొత్తగా కనిపెట్టింది కాదు. ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ డాక్టరు 1817లోనే, ఉమ్మిని నోటి వెనక్కి పంపలేకపోవడం వల్లే అది ముందుకి కారుతోందని రాశాడు. విశాఖలో మీ అత్తని చూసిన న్యూరాలజీ డాక్టరు మాకు ఈ మాట చెప్పాకే నాకూ దారి తెలిసింది. కాబట్టి నీ పని ఉమ్మిని ఎండబెట్టడం కాదు, మీ అమ్మ చేత మింగించడం. ఎండబెట్టే మందులు ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ముందు వీటితో మొదలుపెట్టు.

మొదట మీ ఇంట్లో టీవీ ఎక్కడుందో చూడు. పోయినసారి వచ్చినప్పుడు చూశాను, చిన్న బల్ల మీద ఉంది, ఆమె పడక కుర్చీలో వెనక్కి వాలి, మెడ వంచి దాన్ని చూస్తోంది. తల ముందుకి వాలి, నోరు తెరుచుకుంటే ఉమ్మి పెదాల మీదికే వస్తుంది. టీవీని ఆమె కళ్ళ ఎత్తుకి గోడకి బిగించు. పడక కుర్చీ తీసేసి చేతులున్న గట్టి కుర్చీ వెయ్యి. నడుము వెనక దిండు, పాదాలు నేలకి ఆనాలి, ఆనకపోతే కింద పీట పెట్టు. ముక్కు దిబ్బడ ఉంటే దానికి మందు వాడండి. ముక్కు ఆడకపోతే మనిషి నోరు తెరిచే ఊపిరి తీస్తాడు, అప్పుడు ఎన్ని మాత్రలు వేసినా ఏం లాభం? ఈ మార్పులకి నీకు పెద్దగా ఖర్చు లేదు. మా ఇంట్లో పగటి పూట తడిలో చాలా భాగం దీంతోనే తగ్గింది.

తర్వాత గుటక. మానేసిన అలవాటు కాబట్టి మళ్ళీ గుర్తు చేయాలి. పెదాలు మూసి, పళ్ళు కలిపి, నాలుక అంగిలికి ఆనించి, ఒక్కసారి గట్టిగా మింగడం. మీ అమ్మకి బుద్ధి చక్కగా ఉంది, చెబితే చేస్తుంది. ఏదైనా మాట మొదలుపెట్టే ముందు ఒక గుటక, కుర్చీలోంచి లేచే ముందు ఒక గుటక, ఎవరైనా తలుపు కొడితే ఒక గుటక. ఇలా ఏదో ఒక పనికి ముడిపెడితే నిలుస్తుంది. సెల్‌ఫోన్లో అలారం పెట్టుకునే వాళ్ళున్నారు గానీ మీ అత్త రెండో రోజే ఫోన్ దిండు కింద దోపేసింది. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే గుటకలు పెరుగుతాయని డాక్టర్లు చెబుతారు, నిజమే. కానీ నమలడం, మింగడం బాగా ఉన్నవాళ్ళకే అది. తింటూ దగ్గేవాళ్ళకి వద్దు. ఎదురింటివాళ్ళు కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంటారు, వక్క నమలమంటారు. మర్యాదగా తల ఊపి ఊరుకో. గుటక సరిగ్గా పడని మనిషి నోట్లో గట్టి ముక్క ఉంచితే అది గాలిగొట్టంలోకి జారడానికి ఎంతసేపు?

ఈ జబ్బుకి వేసే లెవోడోపా మాత్ర టైము చూసుకో. మాత్ర పని చేస్తున్న గంటల్లో కాళ్ళూ చేతులూ ఆడినట్టే గొంతూ ఆడుతుంది. అందుకే భోజనం ఆ టైములో పడేలా చూడు. మాత్ర అన్నానికి అరగంట, వీలైతే గంట ముందు వేస్తే మంచిది. పప్పూ పాలూ గుడ్డూ లాంటి మాంసకృత్తుల తిండితో కలిసి పడితే దాని పని కొంత తగ్గుతుంది. ఎట్టి పరిస్థితిలోనూ మీ అంతట మీరు మానేయొద్దు. ఇంకొకటి, దీన్ని పెద్ద అక్షరాలతో రాసి మందుల పెట్టె మూతకి అంటించు: వాంతులైతే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజైన్ వద్దు. ఊళ్ళో ఆర్ఎంపీలు వాంతులనగానే వేసే ఇంజక్షన్లు ఇవే. ఈ జబ్బున్న మనిషికి అవి వేస్తే ఒళ్ళు బిగుసుకుంటుంది, మింగడం ఇంకా కష్టమవుతుంది. కళ్ళు తిరుగుతున్నాయంటే ఇచ్చే సిన్నారిజిన్ కూడా అంతే. సొంగ హఠాత్తుగా పెరిగిందనిపిస్తే ఈమధ్య ఏ కొత్త మందు మొదలైందో చూడు. మతిమరుపుకి ఇచ్చే రివాస్టిగ్మిన్, డోనెపెజిల్ లాంటివీ, మానసిక జబ్బులకి వాడే క్లోజపిన్ కూడా ఉమ్మిని పెంచుతాయి. ఉన్న మందుల చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు ముందు బోర్లించు.

తిండి విషయంలో నువ్వు ఒక పాత మాట మర్చిపోవాలి. మనవాళ్ళు తింటుండగా పొలమారితే నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారులే" అని నవ్వేస్తారు. మీ అమ్మకి పొలమారితే నవ్వేయకు. ఎప్పుడు, ఏం తింటుండగా పొలమారిందో ఒక కాగితం మీద రాసిపెట్టు. వారం రోజుల కాగితం చూస్తే నీకే తెలుస్తుంది. చాలామందికి పల్చటివే కష్టం. మంచినీళ్ళు, చారు, పల్చటి మజ్జిగ గబుక్కున జారిపోతాయి, గొంతు మూసుకునేలోపే దాటిపోతాయి. చారులో తేలే అన్నం మెతుకులు ఇంకా కష్టం, ఒకే ముద్దలో రెండు రకాలు కదా. చిక్కగా కాచిన చోడి (రాగి) అంబలి మాత్రం చెంచాతో చక్కగా దిగుతుంది. చిన్న ముద్ద, గడ్డం కొంచెం కిందికి, మింగాక ఇంకో ఖాళీ గుటక, అప్పుడే రెండో ముద్ద. తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టు. తిన్న తర్వాత గొంతు తడిగా గరగరలాడుతుంటే, లేదా తరచూ జ్వరం, ఆయాసం వస్తుంటే మింగుడు పరీక్ష చేయించాలి. స్పీచ్ థెరపిస్టులు మాటలొక్కటే చూస్తారనుకుంటాం, మింగడం కూడా వాళ్ళే నేర్పుతారు. విశాఖలో పెద్దాసుపత్రులలో దొరుకుతారు.

నోరు శుభ్రం. ఇది చిన్న పనిలా ఉంటుంది, అశ్రద్ధ చేస్తే మనిషిని ఆసుపత్రి పాలు చేస్తుంది. ఉమ్మి కొంచెం కొంచెం ఊపిరితిత్తుల్లోకి జారడం ఈ జబ్బులో మామూలే. ఆ ఉమ్మిలో క్రిములు ఎంత తక్కువుంటే నిమోనియా భయం అంత తక్కువ. పొద్దున, రాత్రి రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో పళ్ళు, నాలుక తోమించాలి. భోజనం తర్వాత బుగ్గల సందుల్లో మెతుకులు మిగిలాయేమో తడిగుడ్డ చుట్టిన వేలితో చూడాలి. కట్టుడు పళ్ళు వదులైతే అవే ఉమ్మిని పెంచుతాయి, రాత్రి తీసేయాలి.

మీ అమ్మ దగ్గర ఇంకో సంగతి. మా వీధిలో ఆడవాళ్ళందరిలాగే ఆమెకీ అడ్డపొగ అలవాటుండేది, నిప్పు లోపలికి పెట్టి చుట్ట కాల్చడం. నువ్వు పుట్టాక మానేసిందనుకో. అయినా ఆ అలవాటున్నవాళ్ళకి అంగిలి మీద పుండ్లు, తెల్ల మచ్చలు, క్యాన్సర్లు వచ్చే అవకాశం ఎక్కువ. నోట్లో పుండు ఉన్నా ఉమ్మి ఊరుతుంది. టార్చి వేసి అంగిలి చూడు, తెల్లగా గానీ ఎర్రగా గానీ మాననిది ఏదైనా కనిపిస్తే పళ్ళ డాక్టరుకి చూపించు.

ఇక చర్మం. ఎప్పుడూ తడిగా ఉంటే గడ్డం కింద ఎర్రబడి, ఒరిసి, మంట పుడుతుంది. రుద్ది తుడవకు. మెత్తటి నూలు గుడ్డతో అద్దు. కింది నుంచి పైకి, గడ్డం నుంచి పెదవి వైపు అద్దితే నోరు మూసుకోవడానికి కూడా సాయం. పాత పొందూరు ఖద్దరు పంచె ఉంటే దాన్ని మించిన గుడ్డ లేదు, ఎంత ఉతికితే అంత మెత్తబడుతుంది. రోజుకి రెండుసార్లు ఉత్త నీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, పల్చగా వాజలైన్ గానీ జింక్ ఉన్న క్రీము గానీ రాయి. పెదాల మూలలు పగిలి తెల్లగా పాచిలా ఉంటే అది ఫంగస్ కావచ్చు, వాజలైన్‌తో పోదు, డాక్టరు ఆయింట్‌మెంట్ రాయాలి.

మెడకి కట్టే గుడ్డ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీ అత్త ఇంట్లోంచి కాలు బయట పెట్టింది దాని వల్లే. మొదట్లో అందరిలాగే తువ్వాలు మెడకి చుట్టాం. చిన్నపిల్లకి కట్టినట్టుందని ఆమె లాగి పారేసేది. జాకెట్టు మెడ తడిసిపోయేది, పమిట కొంగుతో పదేపదే తుడుచుకుని కొంగు జిగురు కట్టేది, ఆ తర్వాత ఎవరైనా ఇంటికొస్తే వంటింట్లోకి వెళ్ళిపోయేది. మా వీధి టైలరమ్మాయి ఒక ఉపాయం చేసింది. ఆమె చీరల్లో నాలుగింటికి జాకెట్టు ముక్కలు మిగిలి ఉంటే, వాటితో ఛాతీ మీదికి పడే కండువాలు కుట్టింది. పైన చీర రంగు గుడ్డ, మధ్యలో తడి పీల్చే టర్కీ తువ్వాలు ముక్క, అన్నింటికన్నా లోపల, జాకెట్టుకి ఆనుకునే వైపు, పాత రెయిన్‌కోట్ గుడ్డ. వెనక ముడి వద్దంది, మెడ పక్కన రెండు టిచ్ బటన్లు పెట్టింది, వణికే చేత్తో కూడా లాగితే వచ్చేస్తాయి. చీరకి తగ్గ కండువా వేసుకున్నట్టే ఉంటుంది, చూసినవాళ్ళకి తెలియదు. ఒకటి తడిస్తే ఇంకొకటి. ఉతికిన ప్రతిసారీ ఎండలో ఆరేయాలి, లేకపోతే వాసన. ఇంకో కిటుకు కూడా ఆ పిల్లదే. క్రికెట్ ఆడే కుర్రాళ్ళు మణికట్టుకి వేసుకునే టర్కీ పట్టీ ఉంటుంది చూడు, అది మీ అమ్మ కుడి చేతికి వెయ్యి. జేబురుమాలు పడిపోతుంది, పట్టీ పడదు. చెయ్యి మూతి దాకా ఎత్తితే చాలు.

మూతి ఎవరు తుడుస్తారన్నది కూడా చూసుకో. తువ్వాలు ముందు ఆమె చేతికివ్వు. ఆలస్యమైనా ఆమెనే తుడుచుకోనివ్వు. చెయ్యి రానప్పుడు, "అమ్మా, తుడుస్తాను" అని చెప్పి అప్పుడు తుడువు. వెనక నుంచి వచ్చి హఠాత్తుగా మూతి మీద గుడ్డ పెడితే ఎవరైనా ఉలిక్కిపడతారు, ఉలిక్కిపడితే పొలమారుతుంది. నలుగురిలో "సొంగ కారుతోంది, తుడుచుకో" అనకు. మేమిద్దరం ఒక సైగ పెట్టుకున్నాం, నేను నా గడ్డం గోక్కుంటే ఆమె గుటక వేసేది. పక్కింటివాళ్ళకి తెలిసేది కాదు. ఉమ్మి కారుతున్న మనిషిని చూస్తే మనవాళ్ళు మతి పోయిందనుకుంటారు. "ఏటమ్మా, గుర్తుపట్టినావా నన్ను?" అని గట్టిగా అరుస్తారు. మీ అమ్మ ఎంత మాటకారో మన ఊళ్ళో అందరికీ తెలుసు, ఇప్పుడు మాట మెల్లగా వస్తోంది, అంతే. ఎవరైనా నిన్ను, "మీ అమ్మ అన్నం తింటోందా?" అని ఆమె ముందే అడిగితే, నువ్వు జవాబు చెప్పకు. "అమ్మనే అడగండి" అను. పిల్లలకి మాత్రం దాపరికం లేకుండా చెప్పు, నానమ్మకి గుటక మరిచిపోయే జబ్బు అని. నీ కూతురికి ఒకసారి చెబితే గుర్తు చేసే పని అదే తీసుకుంటుంది, చూడు.

రాత్రి సంగతి పెద్దగా రాయక్కర్లేదు. వెల్లకిలా వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టు, తల వైపు మంచం కొంచెం ఎత్తు. దిండు మీద ప్లాస్టిక్ గలీబు, దానిమీద తువ్వాలు. తెల్లారి తువ్వాలు తడిసిందంటే కంగారు పడకు, గొంతులోకి పోకుండా బయటికి వచ్చిందన్నమాట.

ఇప్పుడు మాత్రలు. పైవన్నీ చేసినా రోజంతా కారుతూ ఉంటే అప్పుడు డాక్టరు మందు రాస్తారు. ఎక్కువగా రాసేది గ్లైకోపైరోలేట్. కొందరు కంట్లో వేసే అట్రోపిన్ చుక్కలు నాలుక కింద వేయమంటారు. కంటి మందు నోట్లోనా అని షాపువాడు వింతగా చూసినా నువ్వు టెన్షన్ పడకు, అలా వాడడం ఉంది. కానీ ఎన్ని చుక్కలో డాక్టరే చెప్పాలి, ఎక్కువైతే మతి చెదరొచ్చు. వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా నోరు ఎండబెడుతుంది, అయితే పెద్దవాళ్ళకి దాంతో తికమక, లేని మనుషులు కనబడటం వస్తాయి. ఈ జాతి మందులన్నింటికీ ఇబ్బందులు ఒకటే రకం: నోరు ఎండిపోయి కఫం జిగురు కడుతుంది, మలబద్ధకం పెరుగుతుంది (ఈ జబ్బులో అది ముందే ఉంటుంది), మూత్రం బిగుస్తుంది, నీటికాసులు ఉన్నవాళ్ళకి కన్ను దెబ్బతింటుంది. పల్చటి సొంగ తుడుచుకోవచ్చు గానీ గొంతులో అతుక్కున్న జిగురు కఫాన్ని బయటికి తీయడం మహా కష్టం. అందుకే నాకు ఈ మాత్రల మీద తొందర లేదు. మొదలుపెడితే తక్కువ మోతాదుతో, తడి తగ్గితే చాలు, ఎండిపోవాలని కాదు.

మీ అమ్మ విషయంలో ఇంకో జాగ్రత్త. ఆమె ముప్పాతిక జీవితం కవిటి కొబ్బరితోటల్లో గడిచింది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషి. కిడ్నీల పని తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందని నువ్వే చెప్పావు. గ్లైకోపైరోలేట్ ఒంట్లోంచి బయటికి పోయేది ముఖ్యంగా కిడ్నీల ద్వారానే. కిడ్నీలు మందగిస్తే మందు ఒంట్లో నిలిచిపోతుంది, మోతాదు తగ్గించాలి. న్యూరాలజీ డాక్టరుకి ఈ సంగతి తెలియకపోవచ్చు, నువ్వే చెప్పాలి. పలాస ఆసుపత్రి కాగితాలు, రక్తపరీక్షలు పట్టుకెళ్ళు. కఫం చిక్కబడితే నీళ్ళు ఎక్కువ తాగించమని అందరూ అంటారు, కిడ్నీ మనిషికి ఎన్ని నీళ్ళో కిడ్నీ డాక్టరే చెప్పాలి. కొబ్బరి బోండాం అసలే వద్దు, అందులో పొటాషియం ఎక్కువ. మన తోట బోండాలు మనకే పనికిరాకుండా పోయాయని ఆమె నన్ను తిడుతుంది, తిట్టనీ. కఫం పల్చబడటానికి ఉప్పునీటి నెబ్యులైజర్ వాడొచ్చు, డాక్టర్ని అడుగు.

మాత్రలు పడకపోతే బోటాక్స్ ఉంది. ముఖం ముడతలకి వేసేదే, ఇక్కడ చెవి ముందరా దవడ కిందా ఉండే లాలాజల గ్రంథుల్లోకి సన్నటి సూదితో వేస్తారు. వారం పది రోజుల్లో పట్టు చూపిస్తుంది, ఇంచుమించు మూడు నాలుగు నెలలు ఉంటుంది, తర్వాత మళ్ళీ వేయించాలి. కొందరికి నోరు బాగా ఎండిపోతుంది, మందు పక్క కండరాలకి పాకితే మింగడం ఇంకా తగ్గే ప్రమాదమూ ఉంది, అందుకే అలవాటున్న చేతి దగ్గరే వేయించాలి. ఖర్చు ఎక్కువే, వెళ్ళకముందే అడుగు. డబ్బు మాట వచ్చింది కాబట్టి, పార్కిన్సన్స్ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో చెప్పిన 21 వైకల్యాల్లో ఒకటి. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్‌కి సచివాలయంలో స్లాట్ పెట్టించు, బద్ధకించకు.

నోట్లోంచి కఫం పీల్చే సక్షన్ మిషను ఇప్పుడే అక్కర్లేదు. దగ్గి కఫం బయటికి తీసుకోగలిగినన్ని రోజులు దాని జోలికి పోవద్దు. ముందుముందు అవసరమైతే నర్సు దగ్గర చూసి నేర్చుకో: ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని బుగ్గల్లో, నాలుక పక్కన మాత్రమే పెట్టాలి, గొంతు లోపలికి తోయకూడదు, ఒక్కోసారికి పది పదిహేను సెకన్లు మించకూడదు, అన్నం తిన్న వెంటనే వాడకూడదు. వాడిన ప్రతిసారీ కాచి చల్లార్చిన నీళ్ళు పీల్పించి కడగాలి. ఇంకొకటి, కరెంటు మిషనుతో పాటు కాలితో తొక్కే పంపు కూడా ఒకటి తెచ్చుకోవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మనవైపు స్తంభాలన్నీ పడిపోయి ఎన్ని రాత్రులు చీకట్లో ఉన్నామో నీకు గుర్తుందిగా. ఆ చీకట్లో మీ అత్తని ఎడమ పక్కకి తిప్పి, టార్చి నా నోట్లో పట్టుకుని, కాలితో తొక్కుతూ కఫం తీశాను. అక్టోబరు, నవంబరు మనకి తుపాను నెలలు. మందులు పదిహేను రోజులవి ముందే ఇంట్లో ఉండాలి.

ఇప్పటిదాకా రాసింది మెల్లగా వచ్చే సొంగ గురించి. హఠాత్తుగా వస్తే కథ వేరు. ఉన్నట్టుండి మూతి ఒక పక్కకి పోయి ఆ పక్క నుంచి కారుతూ, చెయ్యి లేవకపోతే, మాట ముద్దగా అయితే అది పక్షవాతం. గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే వేయాలి. ఎన్నింటికి మొదలైందో గడియారం చూసి 108కి చెప్పు. సొంగతోపాటు చెమటలు, కంటిపాప చుక్కలా చిన్నదైపోవడం, ఆయాసం కనిపిస్తే పురుగుల మందు. తోటల్లో మందు కొట్టొచ్చిన వాళ్ళకి చర్మం ద్వారా కూడా పడుతుంది. బట్టలు విప్పి, ఒళ్ళు కడిగి, 108కి చెయ్యి, వాంతి చేయించకు. అన్నం అడ్డుపడి ఊపిరి ఆడక, మాట రాక, దగ్గలేకపోతే ముందుకి వంచి రెండు రెక్కల మధ్య అరచేత్తో గట్టిగా ఐదు దెబ్బలు కొట్టు. పోకపోతే వెనక నిలబడి బొడ్డు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు గుంజు. కోడలికి కూడా నేర్పు.

చివరిగా, సిరిమాను సంగతి. దసరా వెళ్ళిన మంగళవారం విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూస్తానని మీ అమ్మ అంటుంటే, జనంలో ఈ మూతితో ఎందుకని నువ్వు వద్దన్నావట. కోడలు చెప్పింది. తీసుకెళ్ళు. మూడు లాంతర్ల దగ్గర తోపులాటలో కాదు. కోటకి వెళ్ళే దారిలో నా స్నేహితుడి మేడ ఉంది, వాళ్ళతో మాట్లాడాను, పిట్టగోడ దగ్గర చేతులున్న కుర్చీ వేస్తారు. సిరిమాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి ఒకసారి తప్పినా ఇంకోసారి కనబడుతుంది. మాత్ర వేశాక గంటకి బయలుదేరండి. ఆ పూట పులిహోర, తీపి తిననివ్వకు, పులుపూ తీపీ తగిలితే ఉమ్మి ఎక్కువ ఊరుతుంది. ప్రసాదం ఇంటికొచ్చాక తింటుంది. కండువాలు మూడు పెట్టు, తడిసినవి వేయడానికి ఒక కవరు. ఆ టైలరమ్మాయి చేత మీ అమ్మకి కుట్టిస్తాను, ఆమె కట్టుకోబోయే చీర జాకెట్టు ముక్క ఈ వారంలోగా బస్సు పార్సిల్లో పంపించు. మెడ కొలత ఆదికి ఒక పాత జాకెట్టు కూడా పెట్టు.

మీ మావయ్య